తిప్పిపెట్టిన డయోడ్

ఇరమ్ నోట 'వంకాయ రంగు' అన్న మాట వినపడగానే షాజియా చేతిలో చాట ఆగిపోయింది.

ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. వసారాలో కిటికీ పక్కనున్న పాత చెక్క బల్ల దగ్గర మామ చోటే మియా, చిన్న కోడలు ఇరమ్ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు చిల్లుల బోర్డు, ఒక రేకు డబ్బా నిండా చిన్న చిన్న రెసిస్టర్లు.

చోటే మియా చెయ్యి చాపి, "పసుపు, వంకాయ, మిరప తియ్యి బిడ్డా," అన్నాడు.

ఇరమ్ నవ్వుతూ డబ్బాలో వెతికింది. "ఇగో అబ్బా. పసుపు, వంకాయ రంగు, మిరప. నాలుగు పాయింట్ ఏడు కే," అంటూ ఆయన అరచేతిలో పెట్టింది.

ఆ పేర్లు షాజియావి. ఎనిమిదేళ్ల కిందట ఆమె పెట్టినవి.

చోటే మియా ఆత్మకూరు బస్టాండు దగ్గర ముప్పై అయిదేళ్లు రేడియో దుకాణం నడిపాడు. రేడియోలు పోయి టీవీలు వచ్చినా, టీవీలు పోయి సెల్‌ఫోన్లు వచ్చినా, చుట్టుపక్కల ఊళ్ల మైకుసెట్లు మాత్రం ఆయన దగ్గరికే వచ్చేవి. మసీదు ఆంప్లిఫయరు, బడి మైకు, భజన మండలి వాళ్ల సౌండు పెట్టె, ఏది మూగబోయినా "చోటే మియాకు చూపిద్దాం పా" అనేవాళ్లు. తర్వాత ఆయన కంటి నరం ఎండడం మొదలైంది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటికి ఆకారాలు ఆనుతాయి గానీ రంగులన్నీ ఒకే మురికిగా కనిపిస్తాయి. రెసిస్టరు విలువ తెలియాలంటే దాని మీది రంగు గీతలు చదవాలి. ఆ గీతలు చదవలేని మెకానిక్ దుకాణం ఎలా నడుపుతాడు? తాళం వేసి, బల్లను ఇంటికి తెచ్చుకున్నాడు.

అప్పుడు ఆయనకు కళ్లు అయింది పెద్ద కోడలు షాజియా. గట్టు మండలంలో వానల మీద ఆధారపడ్డ రైతు ఇంటి పిల్ల, చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మొదట్లో బ్రౌన్‌కూ రెడ్‌కూ, వయొలెట్‌కూ బ్లూకూ తికమక పడేది. అందుకని తనకు తెలిసిన పేర్లు పెట్టుకుంది. మట్టి, మసి, మిరప అంటే వెయ్యి ఓములు. పసుపు, వంకాయ, మిరప అంటే నాలుగు వేల ఏడు వందలు. ఆయన మొదట నవ్వాడు. వారం తిరిగేసరికి ఆయనా అలాగే అడగడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆమె రంగులు చెప్పడంతో ఆగకుండా టంకం వేయడం, మీటరు పట్టుకుని తెగిన చోటు కనిపెట్టడం నేర్చుకుంది. గల్లీలో ఎవరి ఎమర్జెన్సీ లైటు వెలగకపోయినా, ఎవరి మిక్సీ తిరగకపోయినా ఆ బల్ల మీదికే వచ్చేవి. బాగు చేసేది షాజియా, పేరు చోటే మియాది. దానికి ఆమె ఏనాడూ బాధపడలేదు. ఆయన పక్కన ఆ స్టూలు తనది, అది చాలు.

ఈ ఏడు రంజాన్ తర్వాత చిన్న కొడుకు ఫయాజ్‌కు పెళ్లయింది. గద్వాల అమ్మాయి, వనపర్తిలో పాలిటెక్నిక్ చదివింది, ఎలక్ట్రానిక్స్. ఆ సంగతి తెలిసిన రోజే చోటే మియా ముఖం వెలిగిపోయింది. పెళ్లయిన మూడో వారం ఇరమ్ ఆ స్టూలు మీద కూర్చుంది. లెమ్మని షాజియాతో ఎవరూ అనలేదు. ఆమె పొయ్యి దగ్గరి నుంచి వచ్చేసరికి స్టూలు ఖాళీగా లేదు, అంతే.

ఇప్పుడు చేస్తున్న ఆంప్లిఫయరు అత్త సకీనాబీ కోసం. ఆమెకు రెండేళ్లుగా చెవులు మందగించాయి. ఆమె పుట్టిల్లు రాయచూరు. అక్క జైతూన్‌బీ ప్రతి శుక్రవారం అక్కడి నుంచి ఫోన్ చేస్తుంది. సెల్‌ఫోను స్పీకరులోంచి వచ్చే సన్నటి గొంతు సకీనాబీకి దోమ రొదలా ఉంటుంది తప్ప మాట తెలియదు. "అక్కా మంచిగున్నవా, నేను మంచిగున్న" అని రెండు ముక్కలు అని, అవతల ఏమన్నారో తెలియక ఫోను ఎవరో ఒకరి చేతికిచ్చేస్తుంది. ఫయాజ్ ఒక బ్లూటూత్ స్పీకరు తెచ్చాడు. "గీ కీచుగొంతు మా అక్కది కాదు," అని ఆమె దాన్ని పక్కన పెట్టింది.

"పెద్ద స్పీకరుకు చిన్న ఆంప్లిఫయరు కడ్త," అన్నాడు చోటే మియా. "గుండ్రంగ, బొంగురుగ వస్తది గొంతు. నాలుగు ట్రాన్సిస్టర్లు చాలు. పక్కకే కూసోని చెప్పినట్టు వినొచ్చు మీ అక్క ముచ్చట్లు."

ఆ మాట అన్నప్పుడు ఆయన చూసింది ఇరమ్ వైపు. షాజియా అప్పుడు ఆయనకు చాయ్ అందిస్తోంది.

అప్పటి నుంచి పన్నెండు రోజులు. ఇరమ్ కాగితం మీద సర్క్యూట్ బొమ్మ గీసింది. ఎక్కడ ఎంత వోల్టేజి ఉండాలో లెక్క కట్టి చెప్పింది. చోటే మియా లెక్కలు వేసి ఎరగడు, చేతి అనుభవం మీద కట్టేవాడు. "అచ్ఛా, అందుకేనా గట్ల పెట్టాలె!" అని బడి పిల్లాడిలా ఆశ్చర్యపోతూ విన్నాడు. ఇరమ్ వేసిన టంకాన్ని గోటితో తడిమి చూసి, "ముత్యం లెక్క ఉంది బిడ్డా," అన్నాడు. ఎనిమిదేళ్లలో షాజియా వేసిన టంకానికి ఆయన అన్నది "నడుస్తది" అని మాత్రమే. నడుస్తది అన్న ఆ మాట కోసం ఆమె ఎన్నిసార్లు తీసి మళ్లీ వేసిందో ఆమెకే తెలుసు.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన అదే చెప్పేవాడు. "మా చిన్న కోడలు ఇంజినీరు. నాకు తెల్వనియి గూడ చెప్తది."

షాజియా ఒకసారి భర్త మున్నాతో అంది. అతను అమరచింత రూట్లో ఆటో నడుపుతాడు, అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. "అబ్బా నన్ను బల్ల కాడికి పిలుస్తలేడు," అంది.

"మంచిదే కద. నీకు ఇంటి పనే ఇంత ఉండె. జర ఆరాం తీసుకో," అన్నాడు మున్నా.

ఆటోను ఎవరైనా తీసుకుపోయి ఆరాం తీసుకో అంటే నీకెట్లా ఉంటుంది అని అడగాలనిపించింది. అడగలేదు.

ఇరమ్ చెడ్డది కాదు, అదే షాజియాకు మరీ కష్టంగా ఉండేది. గిన్నెలు తోమేది, అత్తకు తల దువ్వేది, తోడికోడలిని అక్కగా పిలుస్తూ "ఆపా, నువ్వు కూసో, రొట్టెలు నేను చేస్త" అనేది. కోపం తెచ్చుకోవడానికి ఒక్క కారణం కూడా ఇచ్చేది కాదు. ఇప్పుడు ఆ పేర్లు ఆమె నోటి నుంచి విన్నాక షాజియాకు లోపల ఏదో తెగింది. స్టూలు పోయింది, సరే. ఆ మాటలు కూడానా? ఆయనే నేర్పాడన్నమాట. ఆమెకు ఆ చాట ఎత్తి నేలకు కొట్టాలనిపించింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

ఆంప్లిఫయరు పూర్తయింది. శుక్రవారం జైతూన్‌బీ ఫోను వచ్చినప్పుడు దాన్ని మొదటిసారి మోగించాలని నిర్ణయించారు. బుధవారం సాయంత్రం ఇరమ్ మీటరు పెట్టి ప్రతి టంకం చూసింది. అంతా సరిగ్గా ఉందంది.

గురువారం మధ్యాహ్నం ఇరమ్ బ్యాంకు పని మీద వెళ్లింది. చోటే మియా నమాజు చేసుకొచ్చి పడుకున్నాడు. సకీనాబీ పక్కింటి ఇందిరమ్మతో వాకిట్లో పల్లీలు ఒలుస్తోంది. షాజియా బల్ల దుమ్ము తుడుద్దామని వెళ్లింది. నిజంగానే దుమ్ము తుడుద్దామనే వెళ్లింది.

బోర్డు గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీసింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, పెద్దవి రెండూ అల్యూమినియం రేకుకు బిగించి ఉన్నాయి. వాటి మధ్య ఒకదాని కింద ఒకటి రెండు చిన్న గాజు డయోడ్లు. వడ్లగింజంత డయోడుకు ఒక చివర నల్ల గీత ఉంటుంది, కరెంటు ఎటు పోవాలో చెప్పేది అదే. ఆ రెండింటి టంకాలు మిగతావాటిలా నున్నగా లేవు. ముద్దగా, కొంచెం పక్కకు జరిగి ఉన్నాయి.

"ముత్యం అంటివి కద అబ్బా," అనుకుంది షాజియా. "జర వచ్చి సూడు నీ ముత్యం."

ఆ వెక్కిరింత నోట్లో తియ్యగా అనిపించింది. దాని వెనకే ఆలోచన వచ్చింది. ఒక్క డయోడు తిప్పి పెడితే? రేపు అందరి ముందు శబ్దం రాదు. ఇరమ్ కాగితం తీస్తుంది, మీటరు తీస్తుంది, కంగారు పడుతుంది. అప్పుడు అబ్బా ఇటు తిరిగి, "షాజియా, నువ్వు జర సూడు," అంటాడు. తను వచ్చి ఒక్క నిమిషంలో కనిపెడుతుంది. అంతే, అంతకుమించి ఏమీ కాదు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే దాకా ఆమె తలుపు వైపు చూస్తూ నిలబడింది. వాకిట్లో పల్లికాయలు చిట్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. కింది డయోడును వేడి చేసి లాగింది, తిప్పింది, మళ్లీ పెట్టింది. టంకాన్ని కావాలనే అలాగే ముద్దగా వేసింది. గుడ్డ కప్పి, ఐరన్‌ను తడి గుడ్డకు తుడిచి చల్లార్చి, పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ సాయంత్రం వండిన పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయింది.

శుక్రవారం జుమా నమాజు తర్వాత అందరూ వసారాలో చేరారు. సకీనాబీ పెట్టెలోంచి మంచి దుపట్టా తీసి కప్పుకుంది. స్పీకరు పెట్టెకు దగ్గరగా, దాదాపు చెవి ఆనించి కూర్చుంది. మూడున్నరకు ఫోను మోగింది. ఇరమ్ దాన్ని వైరుతో కలిపింది. చోటే మియా తన చేత్తోనే స్విచ్ వేశాడు.

స్పీకరు ధబ్బుమని ఒక్కసారి ఉలిక్కిపడి, గుర్రుమంది. రెండు క్షణాల్లో కాలిన వాసన. అల్యూమినియం రేకు దగ్గర సన్నటి పొగ లేచింది. ఒక ట్రాన్సిస్టరు టప్పుమని పగిలింది. సకీనాబీ కెవ్వుమని వెనక్కి పడబోతే మున్నా పట్టుకున్నాడు. చోటే మియా ప్లగ్గు లాగేశాడు. ఫోనులోంచి జైతూన్‌బీ గొంతు సన్నగా "సకీనా, సకీనా" అంటూనే ఉంది.

షాజియా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. శబ్దం రాదనుకుంది గానీ కాలుతుందనుకోలేదు. ఆ డయోడు దారి మూసేస్తే పెద్ద ట్రాన్సిస్టర్లు రెండూ ఒక్కసారిగా తెరుచుకుంటాయని ఆమెకు తెలియదు. అది ఇరమ్ చదువుకున్న చదువులో ఉంది.

చోటే మియా భూతద్దం తీసుకుని, బోర్డును కిటికీ వెలుగులోకి వంచి, ఒంటి కన్నుతో చాలాసేపు చూశాడు. "కింది డయోడు ఉల్టా ఉంది," అన్నాడు.

"గట్లెట్ల అబ్బా? బుధవారం నేను సూసిన. సక్కగనే ఉండె," అంది ఇరమ్.

"బుధవారం సక్కగనే ఉండె బిడ్డా. నిన్న పొద్దుగాల మీరందరు పనుల మీద ఉన్నప్పుడు ఆ రెండు డయోడ్లు నేనే తీసి మల్ల పెట్టిన. సకీనా కోసం చేస్తున్నది, జరంతనన్న నా చేతిది ఉండాలె అనుకున్న." ఆయన భూతద్దం కింద పెట్టాడు. "గీత ఎటున్నదో మంచిగ సూసుకునే పెట్టిన. పది సార్లు సూసుకున్న. అయినా ఉల్టా పెట్టిన్ననుకో."

ముద్దగా ఉన్న ఆ టంకాలు ఎవరివో షాజియాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజు నుంచి చోటే మియా బల్ల దగ్గరికి వెళ్లలేదు. సామాను డబ్బాలన్నీ మూటగట్టి అటక మీద పెట్టమని మున్నాతో చెప్పాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బీపీ మాత్ర చేతిలో పెట్టుకుని, "గిది పొద్దుటిదా, మాపటిదా?" అని సకీనాబీని అడగడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్లుగా ఎవరి తోడూ లేకుండా మసీదుకు నడిచి వెళ్లే మనిషి, మున్నా ఆటో దించితే తప్ప వెళ్లనన్నాడు. ఒకరోజు నమాజు నుంచి వచ్చి, "మూడు రకాతులు చేసిన్నో, నాలుగు చేసిన్నో యాదికి లేదు," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"కన్ను పోయిందంటే ఒప్పుకున్న సకీనా," అనడం షాజియా విన్నది. "తల గూడ పోవట్టె. ఇగ నా మీద నాకే భరోస లేదు."

సకీనాబీకి ఆ మాటలు సగమే వినపడ్డాయి. "ఏమంటివి?" అని రెండుసార్లు అడిగింది. ఆయన మళ్లీ చెప్పలేదు.

షాజియాకు అన్నం దిగలేదు. చెప్పేద్దామని రోజుకు నాలుగుసార్లు వసారా దాకా వెళ్లేది. ఆయన ముఖం చూసి వెనక్కి వచ్చేది. ఎనిమిదేళ్ల నమ్మకం ఒక్క మాటతో పోతుంది. ఇరమ్‌కు అదీ దక్కుతుంది. ఆ చివరి ఆలోచన వచ్చినప్పుడు తన మీద తనకే అసహ్యం వేసేది, అయినా అది వచ్చేది.

ఆరో రోజు ఉదయం ఆమె నీళ్ల బిందె దించుతుంటే వసారాలోంచి ఇరమ్ గొంతు వినిపించింది.

"అబ్బా, మీకొక మాట చెప్పాలె. ఆ డయోడు మీరు ఉల్టా పెట్టలే. గురువారం సాయంత్రం నేను మల్ల తీసి సర్దిన. టంకం ముద్దగ ఉందని. అప్పుడు నేనే ఉల్టా పెట్టిన్నేమో. మీకు చెప్పనీకె భయమైంది."

షాజియా బిందె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది.

చోటే మియా గొంతు వినిపించింది. "అబద్ధం చెప్పనీకె గూడ నీకు రాదు బిడ్డా. నా పానం కోసం నెత్తినేసుకుంటున్నవు. అల్లా నిన్ను సల్లగ సూడాలె." ఇరమ్ తల మీద చెయ్యి పెట్టి ఉంటాడని షాజియాకు చూడకుండానే తెలిసింది.

అప్పుడు ఆమెకు కలిగింది సిగ్గు కాదు. మంట. తప్పు చేసింది తను, ఆ తప్పుకు కూడా దీవెన ఇరమ్‌కే. నిజం చెప్పగలిగేది ఈ ఇంట్లో తనొక్కతే, దాన్ని కూడా ఇరమ్ అబద్ధంగా చెప్పి ముందే వాడేసింది. పశ్చాత్తాపం ఆరు రోజులుగా చేయించలేని పనిని ఆ ఈర్ష్య ఒక్క నిమిషంలో చేయించింది. తర్వాత ఎప్పుడు తలచుకున్నా షాజియా దీన్ని దాచుకోలేదు. మంచితనంతో వెళ్లలేదు తను, ఓర్వలేక వెళ్లింది.

బిందె అక్కడే వదిలేసి వసారాలోకి వచ్చింది. "ఇరమ్ పెట్టలే. మీరు పెట్టలే. నేను తిప్పిన అబ్బా," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"గురువారం మధ్యాహ్నం మీరు పండుకున్నప్పుడు. కింది డయోడు. తీసి, తిప్పి, మల్ల అట్లనే ముద్దగ టంకం పెట్టిన. ఇరమ్ టంకం అనుకున్న. నాకు తెల్వదు అది మీదని."

చోటే మియా లేచి కూర్చున్నాడు. "మల్ల చెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది.

"అంటే నేను సక్కగనే పెట్టిన్నా?"

"సక్కగనే పెట్టిన్రు."

"గీత కిందికే ఉండెనా? నువ్వు కండ్లార సూసినవా?"

"సూసిన అబ్బా. కిందికే ఉండె."

ఆయన నవ్వాడు. పళ్లన్నీ కనిపించేలా నవ్వి, తొడ మీద చరుచుకుని, "సకీనా! ఓ సకీనా! నేను సక్కగనే పెట్టిన్నంట!" అని వంటింటి వైపు కేకేశాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. షాజియాకు ఆ నవ్వు చూడడం దెబ్బ కంటే కష్టమైంది.

నవ్వు ఆగాక ఆయన మొహం మెల్లగా మారింది. "ఎందుకు?" అన్నాడు.

ఆమె చెప్పగలిగింది ఒక్కటే. "మట్టి, మసి, మిరప, వంకాయ... ఆ పేర్లు ఇరమ్‌కు చెప్పిన్రు. అయి నావి."

చోటే మియా అయోమయంగా చూశాడు. "నీవా? నేను పెట్టినయే అనుకుంటున్న ఇన్నొద్దులు," అన్నాడు. అందులో నటన లేదు. ఆయన నిజంగానే మర్చిపోయాడు. షాజియా ఎనిమిదేళ్లుగా దాచుకున్నది ఆయన దగ్గర అసలు లేనేలేదు.

కాసేపటికి ఆయన గొంతు గట్టిపడింది. "మీ అత్త ఆ పెట్టెకు చెవి ఆనిచ్చి కూసున్నది షాజియా. కెపాసిటర్ పేలుంటే? నిప్పు అంటుకుంటే? నన్ను పిచ్చోన్ని చేస్తివి, అది వేరే ముచ్చట. గిది యాది పెట్టుకో." గోడ వైపు తిరిగాడు. ఆ తర్వాత అయిదు రోజులు ఆమె చేతి చాయ్ తాగాడు గానీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇరమ్ మాట్లాడింది. ఆ సాయంత్రం బట్టలు ఆరేసే చోట, గొంతు తగ్గించి, పళ్లు బిగించి మాట్లాడింది.

"నేను ఆయనకు మొకం మీద అబద్ధం చెప్పిన ఆపా. నీ పనికి. నాకు తెల్వకుంటనే నీ కోసం చెప్పిన్నన్నట్టు."

"నా కోసం చెప్పమని నేను అడగలే."

"నీకు రాకుంటె నన్ను అడుగుతే నేర్పకపోతుంటినా?"

"నువ్వు నేర్పెడిదేంది? నాకొచ్చు!" షాజియా గొంతు పెరిగింది. "నువ్వొచ్చిందాంక ఆయన కండ్లు నేనే. ఎనిమిదేండ్లు. నీకు సర్టిఫికెట్ ఉంది. నాకు ఆ స్టూలు తప్ప ఏమున్నది?"

ఇరమ్ తడి చీర గట్టిగా దులిపి తీగ మీద వేసింది. "మరి అడగకపోతివి లెమ్మని. ఒక్కసారి అడిగినవా?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆరో రోజు చోటే మియా నోరు విప్పాడు. "కాలబెట్టినోళ్లే కట్టాలె. సామాను నువ్వే తీసుకరా. బోర్డు నువ్వే పెట్టు. ఇరమ్ సూస్తది. ఆమె సరే అన్నంక కరెంటు ఇయ్యాలె. అప్పటిదాంక ప్లగ్గు నా దగ్గర ఉంటది," అన్నాడు.

షాజియా మర్నాడు మహబూబ్‌నగర్ బస్సెక్కింది. ఎలక్ట్రానిక్స్ దుకాణానికి ఒక్కతీ వెళ్లడం అదే మొదటిసారి. కౌంటరు ముందు అందరూ మగవాళ్లే. దుకాణం అతను, "చిట్టి రాసుకొచ్చిన్రా అమ్మా?" అని అడిగాడు. ఆమె చిట్టీ లేకుండానే చెప్పింది. టిప్ నలభై ఒకటి ట్రాన్సిస్టరు ఒకటి, టిప్ నలభై రెండు ఒకటి, కొత్త డయోడ్లు రెండు, మైకా ముక్కలు. అతను తల ఎత్తి ఆమెను మళ్లీ చూసి, ఎదురు ప్రశ్న వేయకుండా డబ్బాలు లాగాడు. బస్సులో ఆ పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేసిన తప్పుకు శిక్షగా వచ్చిన ప్రయాణం అది. అయినా ఆమెకు అది బాగుందనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గుపడింది కూడా.

మూడు రోజులు కట్టింది. ఇరమ్ పక్కన మంచం మీద కూర్చుని చూసేది. అవసరమైన మాట తప్ప అనేది కాదు. "ఆ టంకం చల్లగ పడింది, మల్ల ఎయ్యి." "రేకుకు ట్రాన్సిస్టరు తగులుతుంది, మైకా పెట్టు." ఒకసారి మాత్రం షాజియానే అడిగింది, "ఒక్క డయోడు తిరుగుతే రెండు ట్రాన్సిస్టర్లు ఎందుకు కాలినయ్?" ఇరమ్ కాగితం తీసి, బాణం గుర్తులు గీసి చెప్పింది. షాజియా విన్నది. అర్థమైంది. అర్థమైనందుకు సంతోషించాలో, అది తనకన్నా ఇరమ్‌కు ముందే తెలుసని కుళ్లుకోవాలో తెలియక రెండూ చేసింది.

శుక్రవారం ఇరమ్ "ఇవ్వొచ్చు" అంది. చోటే మియా ప్లగ్గు ఇచ్చాడు. సకీనాబీని ఈసారి దూరంగా కూర్చోబెట్టారు. జైతూన్‌బీ ఫోను వచ్చాక స్విచ్ వేయగానే సన్నటి గుయ్యిమనే రొద, దాని వెంటనే చెవులు పగిలేలా "కూ" అని కేక. అందరూ చెవులు మూసుకున్నారు. షాజియా స్పీకరు పెట్టెను ఫోనుకు ఎదురు కాకుండా గోడ వైపు తిప్పింది. కేక ఆగింది. అప్పుడు జైతూన్‌బీ గొంతు, బొంగురుగా, నిండుగా, వసారా అంతా పరుచుకుంది.

"ఏనే సకీనా! కేళస్తదేను?"

వినపడుతోందా అని అక్క కన్నడంలో అడుగుతోంది. సకీనాబీ రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుంది. "హౌదు అక్కా, హౌదు! కేళస్తది!" అని అరిచింది. తర్వాత అక్కాచెల్లెళ్లు ముప్పావుగంట మాట్లాడుకున్నారు. జైతూన్‌బీ మోకాళ్ల నొప్పి, ఆమె కోడలి వంట, ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, అంతా గల్లీ మొత్తానికి తెలిసింది. ఇందిరమ్మ తన గుమ్మంలో నిలబడి నవ్వుతూ విన్నది.

ఆ సాయంత్రం చూడడానికి వచ్చిన వాళ్లతో చోటే మియా, "మా కోడండ్లు కట్టిన్రు," అన్నాడు. పది మాటలు కాకముందే మళ్లీ "చిన్నామె ఇంజినీరు" అనే మాట వచ్చింది. షాజియాకు చురుక్కుమంది. అంత జరిగాక కూడా చురుక్కుమంది.

నెల తర్వాత ఇందిరమ్మ వచ్చింది. ఆమె అంగన్‌వాడీలో టీచరు. పిల్లలకు పాటలు వినిపించడానికి అలాంటి పెట్టె ఒకటి కావాలంది. చోటే మియా, "ఇరమ్‌ను అడుగుదాం," అనబోయాడు.

"నేను చేస్త అబ్బా," అంది షాజియా. ఇంత గట్టిగా ఆమె ఎప్పుడూ అడిగింది లేదు. "ఇరమ్, ఇది నాకు ఒక్కదానికి కావాలె. నువ్వు మధ్యల రాకు."

ఇరమ్ రొట్టె పిండి కలుపుతూ తల ఎత్తింది. "చెయ్యి. నేను రాను," అంది. అందులో కోపం లేదు, ఆపేక్షా లేదు. ఉన్నమాట.

పది రోజుల్లో షాజియా ఒక్కతే కట్టింది. చివరి టంకం అయ్యాక ప్లగ్గు చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టి, వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ నిలబడి ఆ మాట అనడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

"ఇరమ్, జర వచ్చి సూస్తవా?"

ఇరమ్ చేతులు తుడుచుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చుని మీటరు తీసింది. ఒక్కో టంకం, ఒక్కో తీగ, ఒక్కో డయోడు చూసింది. ఏ ఒక్కటీ వదల్లేదు, తొందరపడలేదు. నమ్మకం ఇంకా తిరిగి రాలేదని ఆ చూడడంలోనే తెలుస్తోంది. షాజియా పక్కన నిలబడి, అయ్యేదాకా ఆగింది.

"సక్కగ ఉంది ఆపా," అంది ఇరమ్ చివరికి. "ఇయ్యి కరెంటు."